గుండె దడకు చలి వైద్యం: క్రయో అబ్లేషన్ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ అంతగా అక్కర్లేదు

సంక్షిప్తంగా: గుండె ఉన్నట్టుండి నిమిషానికి 150, 200 సార్లు కొట్టుకునే జబ్బుల్లో కొన్నిటిని క్యాథటర్‌తో, అంటే సిరలోంచి గుండెలోకి పంపే సన్నని గొట్టంతో నయం చేయవచ్చు. జబ్బుకు మూలమైన చోటును ఆ క్యాథటర్ కొనతో కాల్చవచ్చు, లేదా చలితో గడ్డకట్టించవచ్చు. ఇలా జబ్బు చోటును చంపడాన్ని అబ్లేషన్ అంటారు, చలితో చేస్తే క్రయో అబ్లేషన్. గడ్డకట్టించే పద్ధతిలో, మధ్యలో ఆపితే జరిగిన మార్పు చాలావరకు వెనక్కి మళ్లుతుంది. గుండె పై గదుల నుంచి కింది గదులకు సంకేతం దించే ఏవీ నోడ్‌ను ఆనుకుని పనిచేసేటప్పుడు ఈ వెసులుబాటు పేస్‌మేకర్ అవసరం రాకుండా కాపాడుతుంది. అందుకు బదులుగా జబ్బు తిరగబెట్టే అవకాశం కొంత పెరుగుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు, అంటే పై గదులు లయ తప్పి అదిరే జబ్బుకు వాడే క్రయో బెలూన్ లెక్క వేరు. రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే రోగుల్లో ఎక్కువ గందరగోళం.

## దడ పుట్టే చోటు

ఏ శ్రమా లేకుండా కూర్చున్నప్పుడే గుండె ఠక్కున పరుగందుకుంటుంది. నిమిషానికి 150 నుంచి 220 దాకా కొట్టుకుని, పది నిమిషాలకో రెండు గంటలకో అంతే ఠక్కున ఆగిపోతుంది. దీనితో పాటు మెడలో దబదబలాడటం, దడ తగ్గాక మూత్రం ఎక్కువగా రావడం కూడా ఉంటే డాక్టరుకు సగం జబ్బు తెలిసిపోయినట్టే. ఆసుపత్రికి చేరేసరికి దడ ఆగిపోయి ఈసీజీ మామూలుగా వస్తుంది. అందుకే ఏళ్ల తరబడి గ్యాస్ ట్రబుల్ అనో టెన్షన్ అనో సరిపెట్టుకునేవాళ్లు ఎందరో. దడ నడుస్తుండగా తీసిన ఒక్క ఈసీజీ, దడ లేనప్పుడు చేయించే పది పరీక్షల పెట్టు. దగ్గర్లోని ఏ క్లినిక్‌లోనైనా అప్పటికప్పుడు తీయించుకుని ఆ కాగితం దాచుకోవాలి.

పెద్దవాళ్లలో ఇలా వచ్చిపోయే దడల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఏవీ నోడల్ రీఎంట్రీ టాకీకార్డియా. డాక్టర్లు క్లుప్తంగా ఏవీఎన్‌ఆర్‌టీ అంటారు. మగవారిలో కన్నా ఆడవారిలో దాదాపు రెట్టింపు. వీరిలో చాలామందికి గుండెలో మరే లోపమూ ఉండదు. ఎకో తీసినా, యాంజియోగ్రామ్ చేసినా అంతా బాగానే ఉందంటారు. నిజమే, బాగానే ఉంటుంది. లోపం కండరంలోనో రక్తనాళంలోనో కాదు, విద్యుత్ సంకేతం నడిచే దారిలో ఉంది.

గుండె పై గదులైన కర్ణికల నుంచి కింది గదులైన జఠరికలకు సంకేతం దిగడానికి మామూలుగా ఏవీ నోడ్ ఒక్కటే దారి. కర్ణికలు రక్తాన్ని కిందికి నెట్టేదాకా జఠరికలు ఆగాలి కాబట్టి సంకేతం అక్కడ కాస్త నిదానిస్తుంది. కొందరిలో నోడ్‌లోకి చేరే దారి రెండు పాయలుగా పనిచేస్తుంది. ఒక పాయ సంకేతాన్ని వేగంగా పంపుతుంది గానీ, ఒకసారి పంపాక తేరుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. రెండోది నిదానం, కానీ త్వరగా తేరుకుంటుంది. రోజువారీ పనంతా వేగపు పాయే నడిపిస్తుంది. నిదానపు పాయ ఉన్నా లేనట్టే.

వేళకు ముందే కర్ణికలో ఒక అదనపు స్పందన పుట్టిందనుకుందాం. వేగపు పాయ ఇంకా తేరుకోలేదు కనుక సంకేతం నిదానపు పాయలోంచి దిగుతుంది. అది కిందికి చేరేలోపు వేగపు పాయ సిద్ధమవుతుంది. సంకేతం అందులోంచి వెనక్కి ఎక్కి మళ్లీ నిదానపు పాయలో దిగుతుంది. ఇక అదే చక్రం. ఒక్కో చుట్టుకు గుండె ఒక్కసారి కొట్టుకుంటుంది. చుట్టుకు 300 మిల్లీసెకన్లు పడితే నిమిషానికి 200 అన్నమాట. ఈ చక్రంలో కర్ణికలు, జఠరికలు దాదాపు ఒకేసారి ముడుచుకుంటాయి. మూసి ఉన్న కవాటాలకు ఎదురుగా కర్ణికలు నెట్టిన రక్తం మెడ సిరల్లోకి తన్నుకొస్తుంది. మెడలో దబదబకు కారణం ఇదే. కర్ణికల గోడలు సాగినప్పుడు విడుదలయ్యే హార్మోన్ మూత్రాన్ని పెంచుతుంది.

## క్యాథటర్ దాకా ఎప్పుడు రావాలి

దడ వచ్చిన ప్రతివారికీ అబ్లేషన్ అక్కర్లేదు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వచ్చి దానంతటదే ఆగిపోతుంటే, ఆపే ఉపాయం నేర్చుకుంటే చాలు. వాటిలో బాగా పనిచేసేది మార్చిన వల్సాల్వా పద్ధతి. సగం వాలి కూర్చుని, 10 మి.లీ. సిరంజి గొట్టంలోకి పిస్టన్ కదిలేంత గట్టిగా 15 సెకన్లు ఊదాలి. ఆపిన వెంటనే పక్కవాళ్లు రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కాళ్లూ 45 డిగ్రీలు పైకెత్తి 15 సెకన్లు పట్టుకోవాలి. 2015లో ఇంగ్లండ్‌లో జరిగిన రివర్ట్ అనే క్లినికల్ పరీక్షలో ఇలా చేసినవారిలో 43 శాతం మందికి దడ ఆగింది. కాళ్లు ఎత్తకుండా ఊది ఊరుకున్నవారిలో 17 శాతం మందికే ఆగింది. ఖర్చు లేని ఈ పద్ధతిని రోగికి నేర్పి పంపకపోవడం వైద్యంలో లోటే.

దానికి లొంగకపోతే ఆసుపత్రిలో అడినోసిన్ 6 మి.గ్రా. సిరలోకి చకచకా ఎక్కించి, వెనకే సెలైన్ తోస్తారు. ఆగకపోతే 12 మి.గ్రా. ఇస్తారు. మందు రక్తంలో ఉండేది కొద్ది సెకన్లే. ఆ కాసేపూ ఛాతీ బిగుసుకుని ప్రాణం పోతున్నంత పనవుతుందని ముందే చెప్పాలి. రోజూ వాడే బీటా బ్లాకర్లు, వెరపమిల్ వంటివి దడను తగ్గిస్తాయి గానీ నిదానపు పాయను తీసేయలేవు. పదేపదే వచ్చి ఇబ్బంది పెడుతుంటే అబ్లేషన్‌కు వెళ్లడమే మేలని 2019 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు గట్టిగా చెబుతున్నాయి.

## కాల్చడంలో ఉన్న చిక్కు

క్యాథటర్‌తో గుండె లోపలి దారిని తెంచే ప్రయత్నం 1980ల మొదట్లో డీసీ షాక్‌తో మొదలైంది. 1982లో మెల్విన్ షైన్‌మన్ బృందం మనిషి ఏవీ జంక్షన్‌ను (ఏవీ నోడ్ ఉన్న చోటును) ఇలా తెంచిన ఫలితాలు ప్రకటించింది. పేలుడులాంటి ఆ దెబ్బకు బదులుగా రేడియో ఫ్రీక్వెన్సీ వేడి వచ్చింది. వేగపు పాయ జోలికి పోకుండా నిదానపు పాయను మాత్రమే కాల్చడం 1992లో ప్రచురితమైన అధ్యయనాలతో స్థిరపడింది. ఈనాటికీ ఏవీఎన్‌ఆర్‌టీకి ఎక్కువచోట్ల చేసేది ఇదే. ఒక్కసారి చేస్తే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది.

చిక్కంతా స్థలంతోనే. నిదానపు పాయ ఉండేది కుడి కర్ణిక అడుగున, కోక్ త్రికోణం అనే చోట. త్రికోణం శిఖరాన ఏవీ నోడ్, అడుగున కరోనరీ సైనస్ అనే సిర ముఖద్వారం ఉంటాయి. పెద్దవాళ్లలో కూడా ఈ రెంటి మధ్య దూరం రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ. పిల్లల్లో ఇంకా తక్కువ. కణజాలం 50 డిగ్రీల సెల్సియస్ దాటితే జరిగిన నష్టం ఇక వెనక్కి రాదు. వేడి ఆపినా చుట్టుపక్కలకు కొంతదూరం పాకుతుంది. గుండె కొట్టుకోవడం వల్ల, ఊపిరి వల్ల క్యాథటర్ కొన రెండు మూడు మిల్లీమీటర్లు జారినా నోడ్ దెబ్బతినవచ్చు. అప్పుడు పై గదులకూ కింది గదులకూ సంబంధం తెగిపోయి పేస్‌మేకర్ పెట్టాల్సి వస్తుంది. అనుభవమున్న చేతుల్లో ఈ ప్రమాదం నూటికి ఒకటి, అంతకన్నా తక్కువే.

నూటికి ఒకటి అంటే తక్కువే అనిపిస్తుంది. కానీ ఎవరికి అన్నది చూడాలి. 70 ఏళ్ల మనిషికి పేస్‌మేకర్ పెట్టడం ఒక సంగతి. పన్నెండేళ్ల పిల్లకు పెడితే జీవితాంతం సుమారు పదేళ్లకోసారి బ్యాటరీ మార్చాలి, వైర్లు పాడైతే తీసి కొత్తవి వేయాలి. అదీ ప్రాణాపాయం లేని దడ కోసం. పిల్లల గుండె విద్యుత్ వైద్యులు చలి వైపు మొగ్గడానికి ఇదే కారణం.

## చలి ఎలా పుడుతుంది

వంటగ్యాస్ సిలిండర్‌ను పెద్ద పొయ్యికి తగిలించి ఎడతెగకుండా వాడితే దాని ఒంటికి చెమ్మ, ఒక్కోసారి మంచు పట్టడం హోటల్ వంటగదుల్లో చూసేదే. లోపలి ద్రవం ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. క్రయో క్యాథటర్‌లో జరిగేదీ అదే. ఇక్కడ వాడేది మత్తు డాక్టర్ల దగ్గర ఉండే నైట్రస్ ఆక్సైడ్. మామూలు పీడనంలో ఇది మరిగేది సున్నాకు దిగువన 88 డిగ్రీల దగ్గర.

కన్సోల్‌లోని ట్యాంకు నుంచి ఒత్తిడితో వచ్చే ద్రవం, క్యాథటర్ లోపలి సన్నని గొట్టం గుండా కొన దాకా వెళుతుంది. కొన ఖాళీగా ఉంటుంది. అందులోకి రాగానే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి ద్రవం వాయువవుతుంది. కొనను తాకిన కండరం నుంచి వేడి లాక్కుంటుంది. ఆ వాయువును మరో గొట్టం గుండా వాక్యూమ్ వెనక్కి పీల్చి ఆసుపత్రి గ్యాస్ పైపులోకి పంపుతుంది. రక్తంలోకి వాయువు చుక్క కూడా పోకూడదు కనుక ఎక్కడ లీకైనా, గొట్టంలోకి రక్తం వచ్చినా కన్సోల్ తనంతట తానే ప్రవాహాన్ని ఆపేస్తుంది. కొన దగ్గరి థర్మోకపుల్ ఉష్ణోగ్రతను ప్రతి క్షణం తెరపై చూపిస్తుంది. ఏవీఎన్‌ఆర్‌టీకి 4 లేదా 6 మిల్లీమీటర్ల కొన, ఒక్కోసారి 8 మిల్లీమీటర్లది వాడతారు.

గుండెకు చలి పెట్టడం క్యాథటర్ కన్నా పాతది. 1970ల్లోనే సర్జన్లు ఛాతీ తెరిచి గడ్డకట్టించే ప్రోబ్‌తో లయ దోషాలను సరిచేశారు. దాన్ని సిరలోంచి దూరేంత సన్నగా చేయడంలో కెనడాలోని మాంట్రియల్ బృందాల పాత్ర పెద్దది. అక్కడి క్రయోక్యాథ్ కంపెనీ క్యాథటర్‌కు ఏవీఎన్‌ఆర్‌టీ వైద్యం కోసం 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ కంపెనీని 2008లో మెడ్‌ట్రానిక్ కొనేసింది.

## కణంలో ఏం జరుగుతుంది

ఈ వైద్యం కీలకమంతా రెండు అంచెల మధ్య తేడాలో ఉంది. మొదటి అంచెలో కణం చల్లబడుతుంది, చావదు. అయాన్ ద్వారాలు, పంపులు మొరాయించి కణం సంకేతాన్ని పంపడం మానేస్తుంది. వెంటనే వెచ్చబడనిస్తే మళ్లీ పని మొదలుపెడుతుంది. రెండో అంచెలో ఉష్ణోగ్రత ఇంకా పడి ఎక్కువసేపు నిలుస్తుంది. ముందు కణాల వెలుపలి నీరు గడ్డకడుతుంది. దాంతో బయట ఉప్పు సాంద్రత పెరిగి కణంలోని నీరు బయటికి పోతుంది. సున్నాకు దిగువన 40 డిగ్రీలకు చేరేసరికి కణం లోపలే మంచు స్ఫటికాలు ఏర్పడి కణంలోని సూక్ష్మ భాగాలను చీల్చేస్తాయి.

కరిగేటప్పుడు జరిగే నష్టమూ తక్కువేం కాదు. నిదానంగా కరుగుతున్నప్పుడు చిన్న స్ఫటికాలు కలిసి పెద్దవై ఇంకా చీలుస్తాయి. చిన్న రక్తనాళాలు మూసుకుపోతాయి. అందుకే ఒకసారి గడ్డకట్టించి, పూర్తిగా కరగనిచ్చి, అదే చోట మళ్లీ గడ్డకట్టించడం ఆనవాయితీ. తర్వాతి వారాల్లో ఆ చోటు మచ్చకడుతుంది. కణాలు చచ్చినా వాటిని పట్టి ఉంచే నారల అల్లిక, లోపలి పొర చాలావరకు చెక్కుచెదరవు. కాల్చిన పుండు మీద కన్నా దీని మీద రక్తపు గడ్డ తక్కువగా కడుతుంది.

## ల్యాబ్‌లో వరుస

కుడి తొడ మొదట్లో తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, సిరలో క్యాథటర్లు దూర్చడానికి షీత్‌లు అనే గొట్టాలు రెండు మూడు పెడతారు. వాటిలోంచి ఎలక్ట్రోడ్ క్యాథటర్లు కుడి కర్ణికకు, నోడ్ నుంచి కిందికి దిగే హిస్ బండిల్ దగ్గరికి, కరోనరీ సైనస్‌లోకి, కుడి జఠరికకు చేరుతాయి. ముందు చేసేది ఈపీ స్టడీ, అంటే గుండె విద్యుత్ దారుల పరీక్ష. కర్ణికకు క్రమంగా దగ్గర దగ్గరగా స్పందనలిస్తూ పోతారు. స్పందనల మధ్య వ్యవధి 10 మిల్లీసెకన్లు తగ్గించినప్పుడు, సంకేతం నోడ్ దాటే సమయం ఒక్కసారిగా 50 మిల్లీసెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పెరిగితే దాన్ని జంప్ అంటారు. వేగపు పాయ చేతులెత్తేసి పని నిదానపు పాయకు పోయిందని దానర్థం. తర్వాత దడను కావాలనే తెప్పించి, ఇది ఏవీఎన్‌ఆర్‌టీయేనా, అదనపు దారి వల్ల వచ్చే మరో దడా అన్నది తేలుస్తారు.

క్రయో కొనను త్రికోణంలో కరోనరీ సైనస్ ఎత్తున నిలిపి, ముందు సున్నాకు దిగువన 30 డిగ్రీల దాకా మాత్రమే చల్లబరుస్తారు. ఇది క్రయోమ్యాపింగ్. ఒక నిమిషం దాటనివ్వరు. ఆ నిమిషంలోనే ఒకరు కర్ణికకు స్పందనలిస్తూ జంప్ పోయిందా, దడ రేగుతోందా అని చూస్తారు. మరొకరి కళ్లు పీఆర్ వ్యవధి మీదే, అంటే కర్ణికల నుంచి జఠరికలకు సంకేతం చేరడానికి పట్టే సమయం మీదే ఉంటాయి. మూడు రకాల ఫలితాలు రావచ్చు. జంప్ పోయి పీఆర్ కదలకపోతే చోటు సరైనది. ఏమీ మారకపోతే వెచ్చబరిచి కొన రెండు మిల్లీమీటర్లు జరుపుతారు. పీఆర్ సాగినా, ఒక్క స్పందన కిందికి దిగకపోయినా వెంటనే ఆపేస్తారు. కొన్ని క్షణాల్లోనే నోడ్ తేరుకుంటుంది. అక్కడి నుంచి కాస్త కిందికి దిగి మళ్లీ వెతుకుతారు.

చోటు దొరికాక ఉష్ణోగ్రతను సున్నాకు దిగువన 75, 80 డిగ్రీలకు దించి నాలుగు నిమిషాలు ఉంచుతారు. ఈ నాలుగు నిమిషాలూ పీఆర్ మీద నిఘా సడలకూడదు. క్రయోమ్యాపింగ్‌లో ఏమీ కాలేదు కదా అని ధీమాగా ఉండటం పొరపాటు. లోతుగా చల్లబడే కొద్దీ మంచు ముద్ద పెరిగి నోడ్‌ను తాకవచ్చు. అప్పుడు కూడా తక్షణం ఆపితే దాదాపు ఎప్పుడూ కోలుకుంటుంది. ఆలస్యం చేస్తే ఆ హామీ లేదు.

గడ్డకట్టగానే కొన కండరానికి అతుక్కుపోతుంది. ఇది వరం. దడ రేగినా, రోగి దగ్గినా కొన కదలదు. దడ నడుస్తుండగానే చలి పెట్టి ఆపవచ్చు కూడా. కాల్చేటప్పుడైతే దడ హఠాత్తుగా ఆగగానే కొన ఎగిరి పక్కకు పడే ప్రమాదం ఉంది. అతుక్కున్న కొనను వెచ్చబడక ముందే లాగితే మాత్రం కండరం చిరుగుతుంది. ఉష్ణోగ్రత సున్నా దాటి కొన దానంతటదే వదిలేదాకా చెయ్యి వేయకూడదు.

ఇక్కడ అంతగా ఎవరూ చెప్పని లోటు ఒకటుంది. వేడితో సరైన చోట కాలుస్తుంటే నోడ్ దగ్గర్లోంచే పుట్టే జంక్షనల్ బీట్లు వరసగా వస్తాయి. డాక్టరుకు అది పనవుతోందన్న సంకేతం. చలికి ఆ గుర్తు రాదు. ఈపీ స్టడీలో జంప్ సరిగా కనిపించని రోగిలోనో, దడ రేగని రోగిలోనో క్రయోమ్యాపింగ్‌కు చూసుకోవడానికి ఏమీ మిగలదు. అలాంటివారిలో చలి పద్ధతి సగం గుడ్డిగా చేసే పనవుతుంది.

## తిరగబెట్టడం ఎందుకు ఎక్కువ

ఈ రెండు పద్ధతులను నేరుగా పోల్చిన పెద్ద పరీక్ష సైరానో. 2010లో వెలువడింది, 509 మంది రోగులు. అప్పటికప్పుడు నయం కావడంలో తేడా లేదు. కాల్చినవారిలో ఒకరికి శాశ్వత ఏవీ బ్లాక్ (నోడ్ దగ్గర సంకేతం తెగిపోవడం) వచ్చింది. గడ్డకట్టించినవారిలో ఎవరికీ రాలేదు. కానీ ఆరు నెలల్లో దడ తిరగబెట్టినవారు చలి వైపు 9.4 శాతం, వేడి వైపు 4.4 శాతం. చలి పద్ధతికి సమయం ఎక్కువ పట్టింది, నొప్పి తక్కువగా ఉంది.

రెట్టింపుకు పైగా తిరగబెట్టడానికి కారణం మంచు ముద్ద చిన్నది కావడం. పక్కన పారే 37 డిగ్రీల రక్తం కొనను వెచ్చబరుస్తూనే ఉంటుంది. కొన కండరానికి గట్టిగా ఆనకపోతే చలి సగం రక్తానికే పోతుంది. ముద్ద అంచున ఉన్న కణాలు మొదటి అంచెలోనే ఆగిపోతాయి. ల్యాబ్‌లో చచ్చినట్టే ఉండి, రోజుల తర్వాత లేస్తాయి. నోడ్‌ను కాపాడుతున్న గుణమే జబ్బునూ కొంతమేర కాపాడుతోందన్నమాట. 4 మి.మీ. కొనకు బదులు 6 మి.మీ. వాడటం, రెండోసారి గడ్డకట్టించడం, విజయం కనిపించాక అరగంట ఆగి మళ్లీ పరీక్షించడం వల్ల ఈ తేడా తగ్గుతుంది.

కాబట్టి ఎవరికి ఏది? నిదానపు పాయ నోడ్‌కు మరీ దగ్గరగా ఉన్నవారికి, పిల్లలకు, ముందే పీఆర్ సాగి ఉన్నవారికి, హిస్ పక్కనే అదనపు దారి ఉన్నవారికి చలి వైపు మొగ్గడం సబబు. మామూలు ఏవీఎన్‌ఆర్‌టీ ఉన్న నలభై ఏళ్ల మనిషికి, చెయ్యి తిరిగిన డాక్టరు దగ్గర వేడి పద్ధతే చాలు. ఆ కేసులో చలి పద్ధతి లేదని ఊరు మారాల్సిన అవసరం కనిపించదు.

## బెలూన్ సంగతి వేరు

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో కర్ణికలు లయ తప్పి అదురుతుంటాయి. నాడి ఒక పద్ధతి లేకుండా కొట్టుకుంటుంది. ఏవీఎన్‌ఆర్‌టీలా కాకుండా ఇది పక్షవాతానికి దారితీయగలదు. దీన్ని రగిలించే స్పందనలు ఎక్కువగా ఊపిరితిత్తుల సిరలు ఎడమ కర్ణికలో కలిసే చోట పుడతాయని ఫ్రాన్స్‌లోని బోర్దో బృందం 1998లో చూపింది. అప్పటి నుంచి లక్ష్యం ఆ నాలుగు సిరల మూతుల చుట్టూ విద్యుత్ గోడ కట్టడం.

కాల్చే పద్ధతిలో ఒక్కో చుక్క పెడుతూ వలయం పూర్తిచేయాలి. ఎక్కడ ఖాళీ మిగిలినా అక్కడి నుంచి సంకేతం జారుకుంటుంది. బెలూన్‌తో వలయం ఒక్కసారే పడుతుంది. కుడి తొడ సిర నుంచి వెళ్లి, కర్ణికల మధ్య గోడకు సన్నని సూదితో రంధ్రం చేసి, ఎడమ కర్ణికలోకి పెద్ద షీత్ పంపుతారు. 28 మి.మీ. బెలూన్‌ను ఉబ్బించి సిర మూతికి అదిమి, ఎక్స్‌రేలో కనిపించే కాంట్రాస్ట్ మందు కొంచెం కొడతారు. మందు సిరలోనే నిలిచిపోతే మూత బిగిసినట్టు. బయటికి జారుతుంటే బెలూన్ కోణం మార్చాలి. రక్తం కారే సందు ఉంటే ఆ వైపు గడ్డకట్టదు. తర్వాత మూడు నాలుగు నిమిషాలు చలి. బెలూన్ మధ్యలోంచి దూర్చిన చిన్న గుండ్రటి మ్యాపింగ్ క్యాథటర్ మీద సిర సంకేతం నిమిషంలోపే మాయమైతే ఆ సిర గట్టిగా మూసుకున్నట్టు గుర్తు.

ఇక్కడ చలిని ఎంచుకునేది వెనక్కి మళ్లే గుణం కోసం కాదు. ఒక్క దెబ్బలో వలయం పడటం, డాక్టరు త్వరగా నేర్చుకోగలగడం, ప్రొసీజర్ సమయం తగ్గడం ముఖ్యం. 2016లో వచ్చిన ఫైర్ అండ్ ఐస్ పరీక్షలో 762 మందిని రెండు పద్ధతులకూ పంచారు. ఏడాది నాటికి వైద్యం విఫలమైనవారు బెలూన్ వైపు 34.6 శాతం, వేడి వైపు 35.9 శాతం. అంటే సమానం. 2021లో వచ్చిన ఎర్లీ ఏఎఫ్ పరీక్ష మందుల కన్నా ముందే బెలూన్ వాడి చూసింది. ఏడాదిలో లయ తప్పినవారు బెలూన్ వైపు 42.9 శాతం, మందుల వైపు 67.8 శాతం. ఒంట్లో అమర్చిన మానిటర్‌తో ప్రతి చిన్న ఘటననూ లెక్కించడం వల్ల ఈ అంకెలు పెద్దగా కనిపిస్తాయి. ఏవీఎన్‌ఆర్‌టీ రోగి ఈ శాతాలు చదివి బెంబేలెత్తాల్సిన పని లేదు. ఇది వేరే జబ్బు.

బెలూన్‌కు ప్రత్యేకమైన ప్రమాదం ఫ్రెనిక్ నరానికి. ఉదరవితానాన్ని ఆడించే ఈ నరం కుడి పై సిర పక్కనుంచే దిగుతుంది. అందుకే కుడి సిరలకు చలి పెట్టేటప్పుడు పై నుంచి ఆ నరాన్ని లయబద్ధంగా ప్రేరేపిస్తూ, ఒకరు రోగి పక్కటెముకల కింద చెయ్యి వేసి ఉంచుతారు. ఎక్కిళ్లలా తగులుతున్న తన్ను బలహీనపడగానే కేక వేస్తారు. మామూలుగా ఆపితే బెలూన్ ఇంకొన్ని క్షణాలు చల్లగానే ఉంటుంది. అందుకే చలిని ఆపడంతో పాటు బెలూన్ గాలి కూడా అప్పుడే తీసేస్తారు. ఫైర్ అండ్ ఐస్‌లో ఇంటికి పంపేనాటికి 2.7 శాతం మందిలో ఈ నరం దెబ్బతిని ఉంది. చాలామందిలో నెలల్లో కోలుకుంది. గుండె పొరలో రక్తం చేరడం, తొడ దగ్గర రక్తస్రావం, పక్షవాతం వంటివి రెండు పద్ధతుల్లోనూ ఉన్నవే. అన్నవాహికకు చిల్లు పడటం అరుదు గానీ ప్రాణాంతకం. ప్రొసీజర్ అయిన వారాల తర్వాత జ్వరం, మింగడంలో నొప్పి, మాట తడబడటం కనిపిస్తే అబ్లేషన్ చేసిన ఆసుపత్రికే వెళ్లాలి. కారణం తెలియక ఎండోస్కోపీ చేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

## మూడో పద్ధతి రాకతో

వేడీ చలీ కాకుండా, మైక్రోసెకన్ల విద్యుత్ పోటుతో కణపొరకు చిల్లులు వేసే పల్స్‌డ్ ఫీల్డ్ అబ్లేషన్‌కు అమెరికాలో 2023 డిసెంబరు, 2024 జనవరి నెలల్లో అనుమతులు వచ్చాయి. గుండె కండరం దీనికి త్వరగా లొంగుతుంది. నరం, అన్నవాహిక అంతగా లొంగవు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో బెలూన్‌కు ఇదే గట్టి పోటీ. క్రయో బెలూన్‌తో నేరుగా పోల్చి 2025లో ప్రచురించిన సింగిల్ షాట్ ఛాంపియన్ పరీక్షలో ఏడాదిలోపు లయ తప్పినవారు పల్స్‌డ్ ఫీల్డ్ వైపు 37.1 శాతం, బెలూన్ వైపు 50.7 శాతం. బెలూన్ వాడకం రానురాను తగ్గే సూచనలే ఎక్కువ. నోడ్ పక్కన వాడే చిన్న క్రయో కొనకు మాత్రం ఆ ముప్పు ఇప్పట్లో కనిపించడం లేదు. పల్స్ పోటును ముందు పరీక్షించి తర్వాత ఖాయం చేసే వీలు చలికి ఉన్నంతగా ఇంకా లేదు.

## మన దగ్గర చూసుకోవాల్సినవి

ఈపీ ల్యాబ్ ఉన్న ఆసుపత్రి అంటే క్రయో కన్సోల్ ఉన్న ఆసుపత్రి అని అర్థం కాదు. వేడి పరికరం దాదాపు ప్రతి ఈపీ ల్యాబ్‌లోనూ ఉంటుంది. చలికి విడిగా కన్సోల్, గ్యాస్ ట్యాంకు, ఖరీదైన క్యాథటర్ కావాలి. ఆరోగ్యశ్రీ కింద వెళ్లేవారు ప్యాకేజీలో ఏ పద్ధతి వస్తుందో, క్యాథటర్ ఖర్చు కలిసి ఉందో లేదో చేరకముందే ఆరోగ్యమిత్ర దగ్గర కాగితం మీద తేల్చుకోవడం మంచిది.

మన ప్రాంతంలో మరో మెలిక ఉంది. చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం సన్నబడి, దానివల్ల ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చినవారు ఇక్కడ ఇంకా ఉన్నారు. పైన చెప్పిన బెలూన్ పరీక్షలు ఇలాంటివారి మీద చేసినవి కావు. వీరికి ముందు చూడాల్సింది కవాటం. రక్తం పలచబరిచే మందు కూడా ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష) చూసుకుంటూ వాడే పాతరకం మాత్రలే. కొత్త మాత్రలు వీరికి సరిపోవని 2022లో ఇన్విక్టస్ పరీక్ష తేల్చింది.

ప్రొసీజర్‌కు ముందు దడ మందులు ఎన్నిరోజులు ఆపాలో అడగాలి. అవి ఒంట్లో ఉంటే ల్యాబ్‌లో దడ రేగదు, చోటు దొరకదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రోగులు మాత్రం రక్తం పలచబరిచే మందును సొంతంగా ఆపకూడదు. అబ్లేషన్ తర్వాత కూడా కనీసం రెండు నెలలు కొనసాగించాలి. ఆపైన ఆపడమా కొనసాగించడమా అన్నది వయసు, బీపీ, షుగర్, పాత పక్షవాతం వంటివాటిని బట్టి డాక్టరు తేలుస్తారు. దడ తగ్గిందా లేదా అన్నదాన్ని బట్టి కాదు.

ఏవీఎన్‌ఆర్‌టీ అబ్లేషన్ అయ్యాక తొడ మీద ఒత్తిడి పడకుండా కొన్ని గంటలు కాలు చాపి పడుకోవాలి. చాలామంది మర్నాడే ఇంటికి వెళతారు, వారం పాటు బరువులెత్తరు. మొదటి కొన్ని వారాలు ఒకటీ అరా బీటు తప్పినట్టు, దడ మొదలవబోయి ఆగినట్టు అనిపిస్తుంది. రెచ్చగొట్టే అదనపు స్పందనలు అలాగే ఉన్నాయి, తిరగడానికి చక్రమే లేదు. ఠక్కున మొదలై నిమిషాల తరబడి సాగితే మళ్లీ ఈసీజీ తీయించాలి. డిశ్చార్జి కాగితాలతో పాటు ఈపీ రిపోర్టు అడిగి తీసుకోవాలి. ఎన్ని చోట్ల చలి పెట్టారు, ఎంత ఉష్ణోగ్రతకు, ఎన్ని నిమిషాలు, ఎక్కడ పీఆర్ సాగి ఆపారు అన్నవి అందులో ఉంటాయి. రెండోసారి అవసరమైతే, మరో ఆసుపత్రిలో చేసే డాక్టరు ఏ చోటికి దూరంగా ఉండాలో చెప్పేది ఆ కాగితమే.